ఎవరు రాలేదో తెలిసే చోటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "విదేశాల్లో పనిచేసి వచ్చావు గదా, అక్కడి సంగతులేవన్నా కాసేపు చెప్పు" అన్నాడు. "ఏ సంగతి చెప్పమంటావు?" అంటే "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పుడు అనుకుంటాడు. నేను మాట్లాడబోయేది ఐర్లండు పబ్బుల గురించి.

నవ్వకండి, లెక్కల మాస్టారు ఇటే చూస్తున్నారు. సార్, నేను 1985 బ్యాచి. మీ ముందు నిలబడి పబ్బు అనే మాట అనడానికి ఇప్పటికీ గొంతు తడారిపోతోంది. చివరిదాకా వినండి. విన్నాక గోడ కుర్చీ వేయమన్నా వేస్తాను. మోకాళ్లు మాత్రం అప్పటివి కావు.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను తాగను. ఎందుకు తాగనో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. మా ఇంటికీ బడికీ మధ్య సారాయి అంగడి ఉండేది. బడి వదిలాక ఆ దారిన రావద్దని, చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి రమ్మని మా అమ్మ చెప్పేది. ఎనిమిదో తరగతిలో ఒక సాయంత్రం ఆ అంగడి ముందు పడిపోయి ఉన్న మా చిన్నాన్నను నేనూ మా తమ్ముడూ రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాం. తరగతిలో ఎవరన్నా చూశారేమోనని వారం రోజులు తలెత్తలేదు. తర్వాత 1992లో మన జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద తిరగబడ్డారు. అది ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతా సారాయి నిషేధం వచ్చింది. ఆ రోజు మా పిన్ని గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. అప్పటికి చిన్నాన్న పోయి రెండేళ్లు.

కాబట్టి తాగే చోటు అంటే నాకు ఒకటే అర్థం. మనిషిని పోగొట్టుకునే చోటు.

2011లో మా కంపెనీ నన్ను ఐర్లండు పంపింది. దేశానికి దక్షిణాన కార్క్ అనే ఊరు. ఆ ఊరికి దగ్గర్లో రింగాస్కిడ్డీ అనే రేవు, దాని పక్కన వరసగా మందుల ఫ్యాక్టరీలు. మందులంటే జ్వరానికి వేసుకునే మందులే. ఇవాళ నేనెంచుకున్న విషయం వల్ల అది కూడా విడమర్చి చెప్పాల్సి వస్తోంది. అక్కడ ఇన్‌స్ట్రుమెంటేషన్ పని, రెండేళ్లు. ఇంటివాళ్లు ఇక్కడే ఉండిపోయారు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, పైన సన్నటి వాన. గదికి పోవడం, కుక్కర్లో అన్నం పెట్టుకోవడం, ఇంటికి ఫోన్ చేద్దామంటే ఇక్కడ మీకు అర్ధరాత్రి. ప్రతి శుక్రవారం పక్క సీటు ఇంజినీరు "వస్తావా?" అని పబ్బుకు పిలిచేవాడు. రెండు నెలలు ఏదో ఒక సాకు చెప్పాను. ఒకరోజు సాకులు అయిపోయి, "నేను తాగను" అన్నాను. అతను విచిత్రంగా చూసి, "తాగమని ఎవరన్నారు? రమ్మన్నాను" అన్నాడు.

వెళ్లాను. అదేదో దీపాల మేడ అనుకుంటే, మన పాత మిద్దె ఇంట్లో ముందు గది అంత ఉంది. చేతికందే పైకప్పు, నల్లబడిన చెక్క, ఒక మూల నిప్పుగూడు. అందులో బొగ్గు కాదు, చిత్తడి నేలల్లోంచి కోసి ఎండబెట్టిన పీట్ అనే గడ్డ మట్టి కాలుతోంది. దాని వాసన మన పిడకల దాలి వాసనకు దగ్గర చుట్టం. నేను బల్ల దగ్గర కూర్చుని సర్వరు వస్తాడని చూస్తున్నాను. ఇరవై నిమిషాలైనా ఎవరూ రాలేదు. మనం నల్లగా ఉన్నామని పట్టించుకోవడం లేదా అని లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. తీరా చూస్తే అక్కడ ఎవరికి కావలసింది వాళ్లే కౌంటరు దగ్గరికి వెళ్లి చెప్పి తెచ్చుకోవాలట. వెళ్లి, సిగ్గుపడుతూ, "టీ దొరుకుతుందా?" అన్నాను. కౌంటరు వెనక ఉన్న యజమానురాలు కనుబొమ్మ కూడా కదపలేదు. ఒక కెటిల్ నిండా టీ, చిన్న జగ్గులో పాలు, రెండు బిస్కెట్లు ఇచ్చింది. ఐర్లండు వాళ్లు ప్రపంచంలోకెల్లా ఎక్కువ టీ తాగేవాళ్లలో ఒకరు. చిక్కటి టీ, పాలు పోసింది. కార్క్ ఊళ్లోనే బ్యారీస్ అని ఒక టీ కంపెనీ 1901 నుంచి ఉంది. ఆ మొదటి గుక్కతో నాకు సగం భయం పోయింది.

మిగతా సగం, పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయనను చూశాక పోయింది. ఆయన కోటు మీద చిన్న పిన్ను, చేతిలో నారింజ డ్రింకు. ఆ పిన్ను మద్యం ముట్టమని ఒట్టు వేసుకున్న వాళ్లది. వాళ్లను పయనీర్లు అంటారు. 1898లో డబ్లిన్‌లో ఫాదర్ కల్లెన్ అనే ఆయన పెట్టిన సంఘం. దానికి అరవై ఏళ్ల ముందే, 1838లో, ఇదే కార్క్‌లో ఫాదర్ మాథ్యూ మద్యపాన వ్యతిరేక ఉద్యమం నడిపాడు. లక్షల మంది ఆయన ముందు ఒట్టు వేశారు. ఊరి నడిబొడ్డున ఆయన విగ్రహం ఉంది. దూబగుంట నాకు గుర్తొచ్చింది. ఆ పెద్దాయన తాగడు, పబ్బు మానడు. ఇలా కూడా ఉండవచ్చునని నాకు అప్పటిదాకా తెలియదు.

పబ్బు అంటే పబ్లిక్ హౌస్, పది మంది ఇల్లు. అక్కడ చాలా పబ్బులకు యజమాని ఇంటిపేరే పేరు. పై అంతస్తులో వాళ్ల కాపురం. పాతకాలంలో పల్లెల్లో అదే పచారీ కొట్టు, అదే మేకులూ తాళ్లూ అమ్మే కొట్టు. డింగిల్ అనే ఊళ్లో ఫాక్సీ జాన్స్ అని ఒకటి చూశాను. ఒకవైపు కౌంటరులో సుత్తులు, మేకులు, ఇంకోవైపు బీరు. కొన్ని పబ్బుల్లో స్నగ్ అని తలుపున్న చిన్న గది ఉంటుంది. నలుగురి కంటా పడటం ఇష్టంలేని ఆడవాళ్లు, పాదిరీలు, పోలీసులు అందులో కూర్చుంటే, చిన్న కిటికీలోంచి గ్లాసు అందించేవారట. ఆడవాళ్లకు పింటు గ్లాసు ఇవ్వమని మొండికేసిన పబ్బులు కూడా ఒకప్పుడు ఉండేవి. మంచి చెప్పేటప్పుడు ఇదీ చెప్పాలి.

ఇక తిండి. పూర్వం పబ్బులో తిండి అంటే పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు చాలా పబ్బుల్లో మధ్యాహ్నం భోజనం పెడతారు. మాంసం, ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు వేసి నిదానంగా ఉడికించే ఐరిష్ స్టూ ఉంటుంది. మన మటన్ పులుసులో కారం, చింతపండు, మసాలా తీసేస్తే ఏం మిగులుతుందో అది. మొదటిసారి జాలేసింది, మూడోసారి ఇష్టమైంది, వానాకాలం వచ్చేసరికి వెతుక్కుంటూ వెళ్లాను. డబ్లిన్ వాళ్లది కాడిల్, అంటే సాసేజీలు, పంది మాంసం, దుంపలు కలిపి ఉడికించింది. సముద్రపు ఒడ్డున చేపలూ నత్తగుల్లలూ పాలలో ఉడికించిన చౌడర్. మన నెల్లూరు వాడికి చేపను పాలలో వేయడం ఘోరంగానే కనిపిస్తుంది గానీ, తిని చూసి చెప్పాలి. దాంతో పాటు గోధుమరంగు సోడా రొట్టె ఇస్తారు. దీనికి ఈస్టు అక్కర్లేదు. మజ్జిగలోని ఆమ్లం వంటసోడాతో కలిసి గాలి పుట్టించి పిండిని పొంగిస్తుంది. మన సైన్సు టీచరు గారు పరీక్షనాళికలో చూపించిన చర్యే, పొయ్యిలో.

అన్నిట్లోనూ బంగాళాదుంప ఉంటుంది. నవ్వులాటకు అడిగాను ఒకసారి, మీకు ఇంకో కూరగాయ తెలియదా అని. మా ఇంజినీరు నవ్వలేదు. 1845 నుంచి వరుసగా కొన్నేళ్లు దుంప పంటకు తెగులు తగిలింది. అది తప్ప వేరే తిండి లేని బీదలు సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గకుండా దేశం వదిలి పోయారు. మా ఫ్యాక్టరీకి ఎదురుగా, నీళ్లకు అవతలి గట్టున కోవ్ అనే రేవు కనిపిస్తుంది. లక్షల మంది ఓడలెక్కింది అక్కడే. మన గుంటూరు సీమలో 1832-33లో వచ్చిన డొక్కల కరువు సంగతి మా తాత చెప్పేవాడు. అది గుర్తొచ్చి, మళ్లీ దుంప మీద హాస్యమాడలేదు.

పానీయం గురించి చెప్పకుండా దాటేస్తే నేను ఇంజినీరునే కాదు. అక్కడి నల్ల బీరును స్టౌట్ అంటారు. దేశానికంతా గిన్నిస్ అయితే, కార్క్ వాళ్లకు మర్ఫీస్, బీమిష్. ఈ విషయంలో వాళ్లతో వాదించకూడదు. ఆర్థర్ గిన్నిస్ 1759లో డబ్లిన్‌లో స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9000 ఏళ్లకు కౌలుకు తీసుకున్నాడు. మన రైతులకు మూడేళ్ల కౌలు కాగితం దొరకడమే గగనం. గ్లాసు ముప్పాతిక నింపి, కాసేపు ఆపి, తేరుకున్నాక మిగతా నింపుతారు. ఆ ఆపిన రెండు నిమిషాలు నేను గ్లాసునే చూస్తూ కూర్చునేవాణ్ణి. బుడగలు పైకి కదా పోవాలి, గాజు అంచున కిందికి దిగుతుంటాయి! 2012లో లిమెరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి లెక్క కట్టారు. గ్లాసు పైకి పోనుపోను వెడల్పు. బుడగలు నడుమ గుంపుగా లేస్తాయి. గోడల పక్కన బుడగలు తగ్గి, అక్కడి ద్రవం బరువెక్కి కిందికి జారుతుంది. నైట్రోజన్ బుడగలు మరీ చిన్నవి గనుక ఆ జారుడులో కొట్టుకుపోతాయి.

ఇంకొకటి లెక్కల మాస్టారి కోసం. ఇంజినీరింగులో మేం బట్టీ పట్టిన టీ-టెస్టు పుట్టింది గిన్నిస్ కంపెనీలోనే. విలియం గాసెట్ అనే ఉద్యోగి, కొద్ది నమూనాలతోనే సరుకు నాణ్యత తేల్చడమెలాగో ఆలోచిస్తూ, 1908లో దాన్ని ప్రచురించాడు. సొంత పేరు పెట్టుకునే వీలు లేక 'స్టూడెంట్' అని పెట్టుకున్నాడు. విద్యార్థి అన్నమాట సార్.

పబ్బులో మర్యాద ఒకటుంది, దాని పేరు రౌండు. నలుగురు కూర్చుంటే ఒకరు లేచి నలుగురికీ తెస్తారు, తర్వాత ఇంకొకరి వంతు. మూడు వారాలు నా టీ డబ్బులు ఎవరో ఒకరు ఇస్తుంటే, నేను అతిథిని గదా అనుకుని హాయిగా తాగాను. చివరికి మా ఇంజినీరు పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. చచ్చేంత సిగ్గేసింది. ఇది మన పెళ్లి చదివింపుల లాంటిదే. ఎవరూ పుస్తకం తీసి అడగరు, అందరికీ గుర్తుంటుంది. ఆ రోజు ఐదు పింట్లు నేనే మోసుకొచ్చాను. తాగనివాడు తెచ్చినా రౌండు రౌండే. చిప్స్ ప్యాకెట్టు తెస్తే దాన్ని నిలువునా చింపి, విస్తరిలా పరిచి బల్ల మధ్యలో పెడతారు. ఒక్కడే తినడానికి వీల్లేకుండా.

కొన్ని పబ్బుల్లో రాత్రిపూట పాట ఉంటుంది. వేదిక ఉండదు. ఫిడేలు, వేణువు, బౌరాన్ అనే మన డప్పు లాంటి వాయిద్యం పట్టుకుని ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ముఖాలు మన వైపు కాదు, ఒకరి వైపు ఒకరు. మన రామమందిరంలో శనివారం భజన చూసినవాళ్లకు అది కొత్త కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నేను వెళ్లే పబ్బులో మూలన ఎత్తు స్టూలు మీద రోజూ ఒక పెద్దాయన కూర్చునేవాడు. రేవులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు ఆస్ట్రేలియాలో. ఆరున్నరకు వస్తాడు, ఒక్క పింటు, పేపర్లో గుర్రప్పందేల పేజీ, ఎనిమిదింటికి లేస్తాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఒక బుధవారం ఏడింటికి యజమానురాలు గడియారం చూసింది, స్టూలు చూసింది. "నిన్న వచ్చాడా?" అని అడిగింది. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెంటనే కొడుకును పంపింది. ఆయన ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే మేకుకు వేలాడుతోంది. ముందు రోజు ఉదయం స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి, అక్కడే పడి ఉన్నాడు. అంబులెన్సు వచ్చింది, బతికాడు. రెండు నెలలకు కర్ర పట్టుకుని వచ్చి ఆ స్టూలు ఎక్కాడు. ఎవరూ హడావుడి చేయలేదు. ఆమె అడక్కుండానే పింటు ముందు పెట్టి, "ఇవాళ ఆలస్యమైందే" అంది.

నేను గదికి వెళ్లి చాలాసేపు నిద్రపోలేదు. ఆ చోటులో ఉన్నదేమిటో అప్పుడు అర్థమైంది. అక్కడ ఎవరు వచ్చారన్నది కాదు, ఎవరు రాలేదన్నది తెలుస్తుంది. అలాంటి చోటు నాకు అంతకుముందు ఒకటే తెలుసు. పొద్దున్నే హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచే మన తరగతి గది.

ఐర్లండును నెత్తికెత్తుకోవడం లేదు. తాగుడు అక్కడా కొంపలు ముంచింది. అందుకే డ్రైవర్ల రక్తంలో మద్యం పరిమితిని 2011లో తగ్గించారు, 2022 నుంచి మద్యానికి కనీస ధర పెట్టారు. ఆ పబ్బులూ తగ్గిపోతున్నాయి. 2005 తర్వాత దాదాపు రెండు వేలు మూతపడ్డాయని వ్యాపారులు చెబుతారు. పోయినవి ఎక్కువగా పల్లెల్లోవే. మరోవైపు 1990ల నుంచి కౌంటరు, కుర్చీలు, గోడ బొమ్మలతో సహా పబ్బుకు పబ్బును డబ్లిన్‌లో తయారుచేసి, కంటెయినర్లలో దేశదేశాలకు పంపుతున్నారు. ఒక విమానాశ్రయంలో అలాంటి ఐరిష్ పబ్బులో కూర్చున్నాను. చెక్క అదే, దీపాలు అవే. నేను లేచి వచ్చేస్తే చూసినవాడు లేడు. చెక్కను కంటెయినర్లో పంపొచ్చు, గోడకు వేలాడే ఆ తాళంచెవిని పంపలేం.

మూడేళ్ల కిందట మా బ్యాచి వాడొకడు పోయాడు. పేరు చెప్పను. మా వాళ్లకు చెప్పక్కర్లేదు. చూడకుండా బోర్డు మీద ఇండియా మ్యాపు ఒక్క గీతలో గీసేవాడు. భార్య కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లింది. ఇంట్లో ఒక్కడే. సాయంత్రాలు తలుపేసుకుని తాగేవాడని తర్వాత తెలిసింది. గుమ్మం ముందు మూడు పాల ప్యాకెట్లు అలాగే ఉండటం చూసి పాలబ్బాయి పక్కింటివాళ్లకు చెప్పాడు. మా వాట్సాప్ గ్రూపులో 83 మందిమి ఉన్నాం. ఆ మూడు రోజులూ గుడ్ మార్నింగులు వస్తూనే ఉన్నాయి. కబురు తెలిశాక 61 మంది ఓం శాంతి అని పెట్టారు. నేను లెక్కపెట్టాను. వాడు నాకు పంపిన ఆఖరి మెసేజి ఇప్పటికీ ఫోన్లో ఉంది. "ఎప్పుడొస్తున్నావురా, ఒకసారి కూర్చుందాం" అని. నేను దానికి బొటనవేలు బొమ్మ పెట్టాను.

వాడికి కావలసింది ఇంకో తాగే చోటు కాదు. తలుపు తీసుకుని బయటికి రావడానికి ఒక చోటు. రాకపోతే అడిగేవాళ్లు.

స్వర్ణోత్సవానికి మన సంఘం గేటు దగ్గర ఆర్చి కట్టాలనుకుంది. కట్టండి, నా చందా ఇచ్చాను. దాంతో పాటు ఒకటి అడుగుతున్నాను. వేపచెట్టు పక్కన పాత ఎన్.సి.సి. గది ఖాళీగా ఉంది. హెడ్మాస్టరు గారిని అడిగాను. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వాడుకోమన్నారు. నాలుగు బెంచీలు, ఒక క్యారం బోర్డు, పెద్ద ఫ్లాస్కు నిండా టీ, పకోడీ పొట్లం. పొట్లం చింపి మధ్యలో పరవాలి. మందు మాత్రం గేటు దాటి రాకూడదు, మా పిన్ని ఊరుకోదు. ఇంకొకటి, ఒక హాజరు పట్టీ. ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న మన వాళ్ల పేర్లు, పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఒంటరిగా ఉంటున్న మన మాస్టార్ల పేర్లు అందులో రాద్దాం. వరుసగా రెండు ఆదివారాలు ఎవరు రాకపోయినా, మూడో రోజుకల్లా ఒకరు వెళ్లి తలుపు కొట్టాలి. ఫోన్ చేయడం కాదు, వెళ్లాలి.

ఆ పట్టీ మీరే పట్టుకోవాలి లెక్కల మాస్టారూ. మీరు పిలిస్తే పలకనివాడు ఈ ఊళ్లో లేడు.

నేను చెన్నైలో ఉంటాను, రైలెక్కితే మూడు గంటలు. వచ్చే ఆదివారం నాలుగింటికి ఎన్.సి.సి. గది దగ్గర ఉంటాను. మొదటి రౌండు నాది. టీయే.

సెలవు.